మచ్చలు తుడిచే పిల్ల

పత్తికొండలో టమాటా మార్కెట్టుకు పోయే దారిలో జయకుమార్ ఫొటో స్టూడియో ఉంది. లోపల అడుగు పెట్టినవాళ్లకు ముందుగా కనపడేది ఒక ముసలామె ముఖం. గోడ మధ్యలో, పెద్ద అద్దపు పటంలో ఉంటుంది. నెత్తి మీది వెంట్రుకల నుంచి కనురెప్పల దాకా పేడదుమ్ము పట్టి ముఖమంతా బూడిదరంగుగా ఉంటుంది గానీ, కళ్లు మాత్రం నవ్వుతుంటాయి. అద్దం మీద కింది భాగాన బంగారు రంగు అక్షరాలు అతికించి ఉన్నాయి: ‘పల్లె ముసలమ్మ. ఫొటో: జయకుమార్. ప్రథమ బహుమతి.’

ఆ ముసలమ్మ పేరు ఉరుకుందమ్మ. ఆ ఫొటో తీసింది జయకుమార్ కాదు, ఆమె మనవరాలు శివలీల. ఆ పటానికి ఎదురుగానే కంప్యూటర్ ముందు కూర్చుని, పొద్దున తొమ్మిది నుంచి పొద్దు గూకేదాకా శివలీల పెళ్లిఫొటోల మీద మచ్చలు తుడుస్తుంటుంది. తల ఎత్తితే అవ్వ. అవ్వ కింద జయకుమార్.

శివలీలది గుడిమిట్ట. ఉగాది మరునాడు ఆ ఊళ్లో నుగ్గులాట ఆడతారు. నుగ్గులంటే పిడకలు. ఊరు రెండు వైపులుగా చీలుతుంది, ఒకటి అమ్మవారి వైపు, ఇంకొకటి వీరభద్రుడి వైపు. గుట్టలుగా పోసిపెట్టుకున్న పిడకలతో గంటసేపు ఒకరినొకరు కొట్టుకుంటారు. నెత్తురు కారినచోట విభూతి అద్దుకుని ఇళ్లకు పోతారు. ఆ దెబ్బలకు ఇంతవరకు ఎవరూ పగ పెట్టుకోలేదు. మరుసటి రోజు కొట్టినవాడూ కొట్టించుకున్నవాడూ ఒకే హోటల్లో టీ తాగుతారు. అట్లాంటి ఊళ్లో పుట్టిన పిల్లకు పగ పట్టడం ఎట్లా వచ్చిందంటే, అది జయకుమార్ నేర్పిన విద్యే అనుకోవాలి.

ఆమె చదువు ఇంటర్ మొదటి సంవత్సరంతో ఆగిపోయింది. వానలు ఎగ్గొట్టిన ఏడు తండ్రి కంబన్న, తల్లి కలిసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. ఇంట్లో మేకలూ అవ్వా మిగిలారు. మేకలను, అవ్వను చూసుకోవడానికి శివలీల మిగిలింది. తరువాత మేకలు అమ్మేశారు, చదువు మాత్రం మళ్లీ మొదలు కాలేదు. అదివరకే పక్కింటి కంప్యూటర్ మీద కొంత నేర్చుకుని ఉన్నందున జయకుమార్ స్టూడియోలో పని దొరికింది. మనుషుల మధ్య మాట పెగలని పిల్లకు అది బాగానే కుదిరింది. తెర మీది మనుషులు మాట్లాడమని అడగరు కదా.

కిందటేడు నుగ్గులాటకు జయకుమార్ కెమెరాలతో గుడిమిట్ట వచ్చాడు. బ్యాగు మోయడానికి శివలీల వెంట నడిచింది. ఆట ముగిశాక ఆయన పెద్దమనుషుల పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ, “ఇది పట్టుకో పాపా” అని మెడలోని కెమెరా తీసి ఆమె చేతికిచ్చాడు. అమ్మవారి వైపు గుట్టకు పిడకలు చేసే మనిషి ఉరుకుందమ్మే. మాఘమాసం మొదలైతే చాలు, ఊళ్లో ఖాళీ గోడ కనపడితే పిడక కొట్టేది. ఆ పొద్దు అయిపోయిన గుట్ట పక్కన కూర్చుని, మనవరాలిని చూసి పిలిచింది.

“లీలా, నా మొగం ఎట్లుండాది మే? దయ్యం మాదిరి ఉండాదా?”

“ల్యా అవ్వా. పిడకకు కండ్లు పెట్టినట్లుండాది.”

ముసలామె నవ్వింది. శివలీల ఒక్కసారి నొక్కింది, ఒక్కటే ఫొటో.

అదే పటమైంది. కర్నూలులో ఒక కళాసంఘం ఏటా పెట్టే పోటీకి జయకుమార్ దాన్ని తన పేరుతో పంపాడని, మొదటి బహుమతి వచ్చిందని, గోడకు మేకు కొట్టేరోజు దాకా ఆమెకు తెలియదు. ఆ రోజు స్టూడియోలో పెళ్లి ఆల్బం కోసం వచ్చినవాళ్లు నలుగురున్నారు. శివలీల కుర్చీలోంచి లేచి, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

“అన్నా, అది నేను తీసింది గదా.”

జయకుమార్ మేకు కొట్టడం ఆపలేదు. “ఎద్దు నాది, మడక నాది, చేను గూడా నాదే. రోంత సేపు మడక పట్టుకున్యానని పంట నీదంటావా పాపా?”

నలుగురూ నవ్వారు. చెడ్డగా ఏమీ నవ్వలేదు, మంచి మాటకు నవ్వినట్టే నవ్వారు. అదే ఆమెకు గుచ్చుకుంది.

శ్రావణంలో ఉరుకుందమ్మ చనిపోయింది. పెద్దకర్మకు పటం కావాల్సి వచ్చింది. ఇంట్లో ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప ఇంకొకటి లేదు. శివలీల జయకుమార్‌ను అడిగింది. బహుమతి వచ్చిన ఫొటో ఊరికే ఇచ్చేది కాదన్నాడు. “అవ్వను సూడాలనిపిస్తే స్టూడియోలో ఉండాది గదా, దినామూ సూసుకో” అన్నాడు. అసలు ఫైలు ఆయన పెన్‌డ్రైవ్‌లోకి మార్చేసుకున్నాడు, కంప్యూటర్లో దాని జాడ లేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు గోడ మీది పటాన్ని సెల్లుతో తీసింది. అవ్వ ముఖం మీద ట్యూబ్‌లైటు పడింది, బంగారు అక్షరాలు మెరిశాయి, మధ్యలో తన నీడ. దాన్ని తీసేసింది. కర్మనాడు ఆధార్ ఫొటోనే పెద్దది చేసి దండ వేశారు. అందులో అవ్వ ఎవరినో చూసి భయపడినట్టు ఉంది.

మాట్లాడేవాళ్ల కోపం మాటతో పోతుంది. మాట్లాడనివాళ్ల కోపం గాదెలో పోసిన కొర్రల మాదిరి. ఏళ్లున్నా పురుగు పట్టదు. అవ్వ పటాన్ని ఆ గోడ మీద నుంచి ఆయన చేతులతోనే దింపించాలి. అంతకు తక్కువ ఏదీ ఆమెకు వద్దు.

ఆమెకు ఉన్న ఆయుధం ఒకటే. జయకుమార్ ఫొటోల్లోని మచ్చలన్నీ ఆమెకు తెలుసు. ఆయనకు రెండు లెన్సులు మెడలో వేలాడాలి, పెళ్లిలో నలుగురూ చూడాలి. తలంబ్రాల మధ్యన, పసుపూ బియ్యపు పిండీ గాలిలో ఆడుతుండగా, ఒక లెన్సు ఇప్పి చంకలో పెట్టుకుని ఇంకొకటి బిగిస్తాడు. ఇప్పినప్పుడు కెమెరా నోరు ఆకాశం వైపు తెరిచి ఉంటుంది. పడిన నలుసు లోపలి పలక మీద కూర్చుంటుంది, అప్పటి నుంచి ప్రతి ఫొటోలో ఒకే చోట నల్లచుక్కగా కనపడుతుంది. ఒకసారి ఆమె ధైర్యం చేసి చెప్పింది కూడా.

“అన్నా, లెన్సు ఇప్పేటప్పుడు కెమెరాను కిందికి వంచల్ల. దుమ్ము పోతాంది లోపలికి.”

“మచ్చలు తుడిచేదానికే గదమ్మా నువ్వుండేది.”

ఆ తరువాత ఆమె మళ్లీ చెప్పలేదు.

దసరాకు ఆయుధపూజ చేశాడు. కెమెరాలు ఒక వరుసలో, లెన్సులు ఒక వరుసలో పేర్చి, మూతలన్నీ తీసేశాడు. దేవుని ముందర కళ్లు మూసుకుని కూర్చోబెడతారా అని ఆయన వాదం. పైనుంచి కుంకుమ చల్లాడు, సాంబ్రాణి పొగ వేశాడు. మరుసటి వారం వచ్చిన ఫొటోల్లో పెళ్లికూతురి చెంప మీద కందిబేడంత మచ్చ. మూడు వందల ఫొటోల్లోనూ అదే చోట ఆ మచ్చే. శివలీల ఒక్కొక్కటే తుడిచింది. తుడుస్తూ, ఫొటో వెనక కెమెరా తనకు తాను రాసుకునే రాత చదివేది. ఏ లెన్సు, ఎంత దూరం, ఎంత వెలుతురు, అన్నీ అందులో ఉంటాయి. మూడేళ్ల ఫొటోలు అట్లా చదివితే అది ఇంటర్ కన్నా పెద్ద చదువే.

పుష్యమాసంలో ఒక ఆదివారం, రెండేళ్లుగా దాచినది తీసుకుని ఆమె కర్నూలు బస్సెక్కింది. అక్కడి నుంచి షేర్ ఆటోలో కల్లూరు. ఖాజా వలీ అనే ముసలాయన అక్కడ కెమెరాలు బాగుచేస్తాడు, వాడినవి అమ్ముతాడు. కిళ్లీకొట్టంత దుకాణం. ఆమె గడప దగ్గర చాలాసేపు నిలబడితే ఆయనే పలకరించాడు.

“ఏం బేటీ, రిపేరా?”

“ల్యా భాయ్. కొనాలని.”

“పెండ్లిళ్లకా?”

“ఊరికే, నాకోసరం.”

ఆ మాట విని ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఆమెను సరిగ్గా చూశాడు. రెండు కెమెరాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి తళతళలాడుతోంది. ఇంకొకటి అంచుల్లో రంగు పోయి ఉంది. ఆమె తళతళలాడేదాన్ని ముట్టుకోలేదు. రెండింటితోనూ ఒక్కో ఫొటో తీసిచ్చి కంప్యూటర్లో చూపించమని అడిగింది. ఫొటో వెనకటి రాత ప్రకారం, కొత్తగా కనపడేది అప్పటికే లక్షన్నర సార్లు టిక్కుమని ఉంది. రంగు పోయినది పన్నెండు వేలే.

ఖాజా వలీ పెద్దగా నవ్వాడు. “అరె, ఎద్దు పండ్లు చూసి కొనేదానివి నువ్వు. ఎవరు నేర్పినారు?”

“మచ్చలు తుడుస్తా భాయ్, పత్తికొండలో.”

“ఓహో. దసరా అయిన వారం నాకు పండగే బేటీ. కర్నూలు, కడప, రెండు జిల్లాల కుంకుమ నా దుకాణంలోనే రాలుతాది.” ఆయన లెన్సుల పెట్టె తెరిచాడు. “చెప్పు, ఏది కావల్ల?”

ఆమె కన్ను పొడుగు లెన్సు మీద పడింది. దాంతో వంద అడుగుల దూరంలో నిలబడి తీయవచ్చు. ఎవరి ముందుకూ పోనక్కర లేదు, ఎవరూ ఏమీ అడగరు. చేయి పెట్టి చూపించింది.

“ఇంతవరకు నువ్వు తీసినవాటిలో మంచిదేదో చెప్పు” అన్నాడు ఖాజా వలీ.

“మా అవ్వది.”

“యాడ నిలబడి తీసినావు?”

శివలీల ఆలోచించింది. “చెయ్యి చాపితే తగిలేంత.”

ఆయన పొడుగు లెన్సును పెట్టెలో పెట్టేసి, నిమ్మకాయంత ఎత్తున్న చిన్న లెన్సు తీసి ఆమె అరచేతిలో ఉంచాడు. “ముప్పై అయిదు ఎమ్మెమ్. ఇది దగ్గరికి లాగదు, దూరానికి నెట్టదు. నీ కాళ్లే దీనికి జూము. సిగ్గుపడేవాళ్లు పొడుగు లెన్సు కొంటారు బేటీ, కొని దొంగతనంగా తీస్తారు. నీకు దొంగతనం చేసే పని ఏముండాది?”

దొంగతనం ఎవరు చేశారో ఆయనకు తెలియదు కదా. లెన్సును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి, లోపల బూజు తీగలు ఏమైనా ఉన్నాయేమో తిప్పి తిప్పి చూసింది. శుభ్రంగా ఉంది. ఈ ఎండల్లో బూజు పట్టదులే, పట్టేది దుమ్మే అన్నాడాయన.

“రెండో లెన్సు తీసుకో, తగ్గించి ఇస్తా.”

“వద్దు భాయ్. ఒక్కటే. నేను ఇప్పను.”

ఆ మాట ఆయనకు నచ్చింది. లెన్సూ కెమెరా కలిసేచోట నల్లటేపు ఒక చుట్టు బిగించి ఇచ్చాడు.

ఉగాది మరునాడు గుడిమిట్టలో ఎండ మండిపోతోంది. అవ్వ చోట ఈసారి వెంకటలక్ష్మమ్మ అనే ఇంకొకామె గుట్ట పేర్చింది. శివలీల కెమెరాకు కిరాణా కవరు తొడిగి, లెన్సు పట్టేంత చిల్లు పెట్టుకుని అమ్మవారి వైపు నిలబడింది. జయకుమార్ కారు దిగాడు. ఒక మెడ, రెండు లెన్సులు, చేతిలో కొత్త కెమెరా. ఆమెను చూసి ఆగాడు.

“ఏం పాపా, నీకూ కెమెరా వచ్చిందే. ఒక్క లెన్సేనా? ఒంటికన్ను సంసారం ఏం సంసారం?”

పక్కనున్న వాళ్లు నవ్వారు. కిందటేడు స్టూడియోలో విన్న నవ్వే ఇది. ఆమె కవరు సర్దుకుంది.

డప్పు మోగింది. పిడకలు లేచాయి. మొదటి అయిదు నిమిషాల్లోనే ఊరు కనపడకుండా దుమ్ము కమ్ముకుంది. నోట్లో, ముక్కులో, కంటి వెంట్రుకల్లో అంతా పేడపొడే. శివలీల భయపడుతూనే నాలుగు అడుగులు ముందుకు వేసింది. ఆ చిన్న లెన్సు దూరం నుంచి ఏమీ చూపించదు. ఇంకో నాలుగు వేసింది. మోచేతికి ఒక పిడక తగిలి పగిలింది. కొట్టినవాడు దూరం నుంచే, “యాడ నిలబడినావు మే, పక్కకు పో” అని అరిచాడు. ఆమె పోలేదు.

అప్పుడు చూసింది. ఏడడుగుల దూరంలో జయకుమార్, రెండు పక్షాలకూ నట్టనడుమ. పొడుగు లెన్సు ఇప్పి చంకలో ఇరికించుకున్నాడు. మెడలోని రెండోది చేతికి అందక తడుముకుంటున్నాడు. కొత్త కెమెరా నోరు తెరుచుకుని ఆకాశం వైపు ఉంది. దాని పైన పిడకలు పగిలి పొడి రాలుతోంది, వాన పడినట్టు.

ఒక్క మాట చాలు. ‘అన్నా, వంచు.’ అంత దగ్గర నుంచి అంటే ఆయనకు వినపడుతుంది. మాట నాలుక దాకా వచ్చింది కూడా. ఆయన మచ్చల సంగతి చూడడం మూడేళ్ల అలవాటు కదా. ఆమె ఆ మాట మింగేసింది. కంటికి కెమెరా పెట్టుకుని ఇంకో రెండడుగులు వేసి నొక్కింది, ఒక్కసారే.

మరుసటి రోజు పొద్దున్నే జయకుమార్ ఫోను. పోటీకి ఫొటోలు ఇవ్వడానికి అదే ఆఖరు రోజు. శివలీల స్టూడియోకు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద గుడిమిట్ట ఆకాశం. ఆకాశం నిండా నల్లచుక్కలు. ఎగిరే పిడక ఏదో, మచ్చ ఏదో దేవుడు కూడా చెప్పలేడు. రెండో ఫొటో, మూడోది, నూటయాభయ్యోది, అన్నీ అంతే.

“శానా పడినాయి” అన్నాడు జయకుమార్ ఆమె వెనక నిలబడి. “బాగుండేది ఒకటి ఏరి తుడువు పాపా. మధ్యాహ్నం బస్సుకు కర్నూలు పంపల్ల.”

ఆమె మౌస్ మీద నుంచి చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది. తల తిప్పకుండా, ఎదురుగా గోడను చూస్తూ అంది.

“ముందు మా అవ్వను దించు.”

“ఏమంటాండావు?”

“ఆ పటం దించి నా చేతికి ఇయ్యన్నా. దాని ఫైలు గూడా. అంతవరకు ఈ కుర్చీలో మనిషి ల్యానట్లే.”

“పిచ్చి పట్టిందా నీకు? గోడ బోసిపోతాది.”

ఆమె బదులు చెప్పలేదు. చెప్పకుండా ఉండడం ఆమెకు పుట్టుకతో వచ్చిన బలం. గడియారం పది దాటింది, పదిన్నర అయింది. జయకుమార్ రెండుసార్లు బయటికి పోయి వచ్చాడు. ఆదోనిలో మచ్చలు తుడిచేవాడికెవడికో ఫోను చేశాడు, వాడు నాలుగు రోజులు పడుతుందన్నాడు. చివరికి స్టూలు లాక్కుని ఎక్కి పటం దించాడు. గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. డ్రాయరు తెరిచి పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

శివలీల పెన్‌డ్రైవ్‌లో అవ్వ ఉందో లేదో తెరిచి చూసుకుంది. ఉంది. దాన్ని పిన్నుకు తగిలించి జడలోకి దోపుకుంది. పటాన్ని పాత దుప్పటిలో చుట్టి, లేచి నిలబడింది.

“యాడికి? తుడువు మల్ల.”

“తుడిస్తే పనికిరాదన్నా.” ఆమె గోడకున్న క్యాలెండర్ కింది కాగితం చూపించింది. పోటీ వాళ్లు పంపిన నిబంధనల కాగితం, నెల నుంచి అక్కడే ఉంది. “ఈ ఏడు కెమెరాలో పడిన ఫైలు పడినట్లే ఇయ్యాలంట. తుడిచినవి తీసుకోరంట. మూడో వరుసలో ఉండాది.”

జయకుమార్ కాగితం దగ్గరికి పోయి చదివాడు. మళ్లీ చదివాడు. స్టూడియోకు వచ్చే కాగితాలు చదివి చెప్పేది శివలీలే. ఆయన ఎన్నడూ చదవలేదు.

“తెలిసి గూడా నిన్న ఆ దుమ్ములో... ఒక్క మాట చెప్పకూడదా నువ్వు?”

“చెప్పినాను గదన్నా, కిందటేడే. మచ్చలు తుడిచేదానికే నువ్వుండేది అన్న్యావు. ఇప్పుడు తుడిచేదానికి గూడా నేను ల్యా.”

పటం చంకన పెట్టుకుని మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగాక టమాటా బుట్టల పక్కన కాసేపు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం బస్సులో కర్నూలుకు పోయిన ఫొటో ఆమెది. ఫారంలో ఫొటోకు పేరు రాయమన్నచోట ‘పట్నం ఫొటోగ్రాఫర్’ అని రాసింది. కిందటేడు ఆయన అవ్వకు పేరు పెట్టలేదు కాబట్టి, ఈ ఏడు ఆమె ఆయనకు పేరు పెట్టలేదు.

ఆమెకు వచ్చింది మూడో బహుమతే. కానీ బహుమతి ఫొటోలన్నీ నెల రోజులు కర్నూలులో గోడకు వేలాడాయి. చంకలో ఒక లెన్సు, మెడలో ఒక లెన్సు, నోరు తెరిచిన కెమెరా, చుట్టూ పగిలే పిడకలు, మధ్యలో తడుముకునే మనిషి. ముఖానికి పేడదుమ్ము పట్టి ఉన్నా, ఆ పనిలో ఉన్నవాళ్లు ఇట్టే గుర్తుపట్టారు. ఆలూరు నుంచి నంద్యాల దాకా పెళ్లిళ్లలో వీడియో తీసేవాళ్లు జయకుమార్ కనపడితే, “వంచప్పా, కిందికి వంచు” అనడం మొదలుపెట్టారు. ఖాజా వలీ ఆ ఫొటో ఒకటి అడిగి తెప్పించుకుని దుకాణంలో, లెన్సుల పెట్టె పైన అంటించుకున్నాడు.

జయకుమార్ ఒకసారి గుడిమిట్ట వచ్చాడు, కంబన్నతో మాట్లాడాడు. అమ్మాయిని మళ్లీ పనికి పంపమన్నాడు, జీతం పెంచుతానన్నాడు. కంబన్న లోపలికి చూశాడు. శివలీల గడప దాటి బయటికి రాలేదు. బాధపెట్టానన్న బాధ ఏమైనా తనలో ఉందేమోనని తరువాత వెతుక్కుంది. ఇప్పటికైతే దొరకలేదు.

ఆధార్ ఫొటో తీసేసి ఆ మేకుకే అవ్వ పటం తగిలించింది. అంతకుముందు ఒక పగలంతా కూర్చుని, బ్లేడుతో అద్దం మీది బంగారు అక్షరాలు ఒక్కొక్కటే గీకింది. ‘ఫొటో: జయకుమార్’ అన్నచోట తన పేరు పెట్టాలని ఏడాదిగా అనుకున్నది. తీరా మార్కరు చేతికి తీసుకున్నాక, ‘ఉరుకుందమ్మ, గుడిమిట్ట’ అని మాత్రమే రాసింది. గీకిన జయకుమార్ పేరులో చిరగకుండా ఊడిన అక్షరాలు ఏరి, కెమెరా బ్యాగు అడుగున, లోపలి వైపు అతికించింది. కెమెరా రోజూ వాటి మీదే కూర్చుంటుంది.